నాంచారి తుంటికి నీళ్ళు చూపించాం

మొదటి చిట్టా: మంగళవారం

ఆస్పత్రి పడవ వారికి పేరయ్య రాస్తున్నది. రోగి ఇంట్లో ఒకరు చిట్టా రాయాలని, జ్వరం, నొప్పి, తిండి, ఈ మూడూ రాస్తే చాలని చెప్పారు. మీకు చాలొచ్చు, నాకు చాలదు. నేను చదివింది అయిదో తరగతి దాకా, అదీ బడి పడవ మా రేవులో ఆగిన రోజుల్లోనే. కాబట్టి రాతలో తప్పులుంటాయి. సంతోషంలో మాత్రం ఒక్క తప్పు కూడా ఉండదని మాటిస్తున్నాను.

జ్వరం: లేదు. నొప్పి: ఉంది. తిండి: రెండిడ్లీలు తింది. మూడోది నా మీదికి విసిరింది, పాట ఆపమంటే ఆపలేదని.

ఎలా ఆపుతానండీ? మా అమ్మాయికి కొత్త తుంటి వస్తోంది!

మా అమ్మాయి నాంచారి. పైదివిలో ఆమె పడవ ఎక్కనివాళ్ళు లేరు. పడవ వెనక కొసన నిలబడి, ఒకే ఒక్క తెడ్డుతో, చంటిపిల్లల తల్లుల్నీ పెళ్ళివాళ్ళనీ ఈ రేవు నుంచి ఆ రేవుకి దాటించేది. కూర్చుని తెడ్డేయమంటే ఆమెకు అవమానం. తుంటి అరిగిపోతే డాక్టర్లు లోహపు కీలు పెట్టారు. ఏడాది తిరక్కుండానే దానికి బూజు పట్టింది.

పైదివిలో బూజు పట్టనిది ఏముంది చెప్పండి. కింద పాత దివిసీమ మునిగి ఉంది, పైన మేం తెప్పల మీద తేలుతున్నాం, చుట్టూరా తడి. పొద్దున లేచి ముందు గోడలు గీకుతాం, తరువాత దిండ్లు గీకుతాం, ఆ తరువాతే మొహం కడుక్కుంటాం. నా చెప్పుల్లో పుట్టగొడుగులు మొలిస్తే మా ఆవిడ అచ్చమ్మ కూర వండబోయింది, నేనే ఆపాను. అయినా ఒంట్లో పెట్టిన కీలుకి కూడా బూజు పడుతుందని మేమెవరం అనుకోలేదు. దాన్ని తీసేసి, ఆ చోట తాత్కాలికంగా ఒక ముక్క పెట్టారు. అప్పట్నుంచి మా అమ్మాయికి మంచం, సెలైనులో బూజు మందు. ఆ మందు మూత్రపిండాల్ని పాడుచేస్తోందట, ఇంక ఎక్కువ రోజులు ఎక్కించలేమన్నారు.

ఇవాళ పూతల డాక్టరు షమీమ్ గారు మా ఇంటికొచ్చారు. చిన్న మనిషి, పెద్ద గొంతు. మా అమ్మాయి మంచం పక్కనే కూర్చుని, టీ తాగుతూ అంతా విడమరిచి చెప్పారు.

"పేరయ్యగారూ, కొత్త కీలు మీద రెండు పూతలుంటాయి. బూజుని చంపే మందు రెండిట్లోనూ ఉంటుంది. పై పూతలో మందు కోత అయిన మొదటి రోజుల్లోనే గబగబా బయటికొచ్చేస్తుంది. లోపలి పూతలోది నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది."

"అంత గబగబా ఎందుకమ్మా?"

"బూజు ఒకసారి లోహం మీద జిగురులా పరుచుకుందంటే ఏ మందూ దాన్ని ఏమీ చేయలేదు. పరుచుకోకముందే కొట్టాలి. పొడిగా ఉన్నంతసేపూ మందు నిద్రపోతుంది, తడి తగలగానే లేస్తుంది. అదీ దీని సంగతి."

"మా పడవలూ అంతేనమ్మా! తడి తగిలేదాకా అవి చెక్కలే!" అన్నాను. ఆవిడ నవ్వారు. నాంచారి కూడా నవ్వింది. నేను పాట అందుకున్నాను. ఇడ్లీ సంగతి అప్పుడే జరిగింది.

షమీమ్ గారు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పారు. ఈసారి కూడా బూజు పడితే మూడో కీలు పట్టుకోవడానికి ఎముకే మిగలదట. వాయుగుండాలు మొదలయ్యేలోగా ఆస్పత్రి పడవ వెళ్ళిపోవాలట. ఆ మాటలు ఇక్కడ రాసేసి, తలలోంచి తీసేస్తున్నాను.

రెండో చిట్టా: గురువారం

జ్వరం: లేదు. నొప్పి: మరిచిపోయింది. తిండి: మా వీధి మొత్తం తింది.

తుంటి వచ్చింది! మెట్ట నుంచి పార్సిల్ పడవలో, పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. ఇంటివాళ్ళే వేలిముద్ర వేసి తీసుకుని ఆస్పత్రికి చేర్చాలని రూలు. ఆస్పత్రి పడవేమో పక్క రేవుకి పోయింది, రేపు పొద్దున గాని రాదు. అంటే ఈ రాత్రికి అది మా ఇంటి చుట్టమన్నమాట.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అచ్చమ్మ వాళ్ళన్నయ్య, అంటే మా బావ మంగయ్య వచ్చాడు. ఈ ఊళ్ళో తేలుతున్న చెక్క పడవల్లో సగం అతని చేతివే.

"ఏం బావా, నీళ్ళు చూపించారా?" అన్నాడు.

"లేదు బావా, రేపు ఆస్పత్రికి..."

"నీళ్ళు చూపించకుండా పనిలోకి దింపుతావా? అదేమన్నా అనాథ అనుకున్నావా?"

నిజమే కదా. మా పడవల వాళ్ళలో కొత్త పడవకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక రాత్రంతా నీళ్ళలో ఉంచుతాం. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి. ఆ తరువాతే మనుషుల్ని ఎక్కిస్తాం. అలా చేయని పడవ మా రేవులో ఒక్కటీ లేదు. మా పిల్ల ఒంట్లోకి ఎక్కే వస్తువుకి అంతకన్నా తక్కువ చేస్తామా?

పెట్టెలు విప్పాం. అబ్బ, ఏం అందం! నున్నటి గుండు, దానికో కాడ, ఒళ్ళంతా పాలమీగడ రంగు పూత. నాంచారి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా? దీని మీదేనా నేను నిలబడేది? గరిటంత లేదు!"

"గరిటే కదే ఇల్లు నిలబెట్టేది," అంది అచ్చమ్మ.

"నాన్నా, డాక్టరమ్మని అడిగావా?"

"పడవలు కట్టేవాణ్ణి అడిగాను, చాలు."

మా పెళ్ళినాటి ఇత్తడి తపేలా తోమి, మంచినీళ్ళు పోసి, పసుపు కలిపి, తుంటిని మెల్లగా దింపాం. మంగయ్య డప్పు కొట్టాడు. వీధి వీధంతా వచ్చి తొంగిచూసింది. "నాంచారి రెండు" అని పేరు కూడా పెట్టాం. నేను రాత్రంతా తపేలా పక్కనే పడుకున్నాను. చిన్న చిన్న బుడగలు వచ్చాయి. మందు నిద్ర లేస్తోందని మురిసిపోయాను.

మూడో చిట్టా: శుక్రవారం

జ్వరం: నాకు.

పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, తుంటిని కొత్త తువాలులో చుట్టుకుని మంగయ్యతో కలిసి ఆస్పత్రి పడవెక్కాను. నేను తయారయ్యేలోగానే ఆస్పత్రివాళ్ళు మా అమ్మాయిని తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. షమీమ్ గారు తువాలు విప్పారు.

"ఏంటిది? పసుపా?"

"పసుపూ కుంకుమా. కుంకుమ కొంచెమే పెట్టామమ్మా, దిష్టి తగలకుండా..."

"పెట్టె ఎందుకు విప్పారు? ఇది... ఇది తడిసిందా?"

"రాత్రంతా నానబెట్టాం!" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆవిడ కూర్చున్నారు. కుర్చీలో కాదు, మా టిఫిను కేరియరు మీద. తరువాత చిన్న గొంతుతో, అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్న గొంతుతో అన్నారు.

"పేరయ్యగారూ, తడి తగిలితే మందు లేస్తుందని చెప్పాను కదా. లేచింది. లేచి మీ తపేలాలోకి పోయింది. మొదటి రోజుల్లో బూజుని కొట్టాల్సిన మందు అది. అది లేకుండా పెడితే పాత కథే."

మంగయ్య చేతిలో డప్పు పుల్ల కింద పడింది. నేను నాంచారి వైపు చూశాను. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. అటు తిరగడానికే ఎంత నొప్పో నాకు తెలుసు. అయినా తిరిగింది.

మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. గోడ వైపు నుంచే మాట వచ్చింది.

"నాన్నా."

"ఆ, అమ్మా."

"నేను పుట్టగానే నన్ను కూడా పసుపు నీళ్ళలో ముంచావంటగా. అమ్మ చెప్పింది."

"ముంచానమ్మా."

"ఆ రోజే నా మందంతా పోయుంటుంది. అందుకే నీ కూతురినయ్యాను."

ఇటు తిరిగింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ. షమీమ్ గారు కూడా కళ్ళు తుడుచుకుని లేచారు.

"ఆ నీళ్ళేం చేశారు?"

"నీళ్ళు చూపించిన నీళ్ళు పారబోయకూడదమ్మా. సగం మా ఆవిడ గడప మీద పోసింది. సగం తపేలాలోనే ఉన్నాయి."

"పరిగెత్తండి!"

పరిగెత్తాను. ఈ వయసులో! తెప్ప మీంచి తెప్ప మీదికి దూకుతూ, తపేలా ఒక్క చుక్క ఒలక్కుండా తెచ్చాను. షమీమ్ గారు ఆ నీళ్ళని ఏదో మిషన్లో పోసి చూశారు. మొహం కొంచెం విచ్చుకుంది. పోయింది పై పూతలో మందేనట. లోపలి పూత ఉన్నదున్నట్టే ఉందట. కీలుని శుద్ధి చేసి పై పూత మళ్ళీ వేయగలరట, మందు ఆవిడ దగ్గరే ఉందట!

నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను.

"ఆగండి. పూత వెయ్యడం చిటికెలో పని. అది ఎండాలి. నాలుగు రోజులు, తడి గాలి సోకకుండా. ఈ వానల్లో మా పడవలో మిషన్లకే చెమట పడుతోంది. మీ ఊళ్ళో ఎండిల్లు ఒకటుందటగా?"

నాలుగో చిట్టా: శుక్రవారం సాయంత్రం

ఎండిల్లు సంగతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. కప్పు మీద అద్దాలు పట్టిన ఎండతో ఇసుక కాగుతుంది, ఆ వేడితో లోపలి గది ఎప్పుడూ పొడిగా ఉంటుంది. పైదివిలో పొడి చోటంటే అదొక్కటే. ఇంటింటికీ వంతు ఉంది. వంతు వచ్చిన రోజు అప్పడాలు, దిండ్లు, పుస్తకాలు, పెళ్ళిబట్టలు, ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు. రోజూ తలుపు తీస్తారు, తీసినప్పుడల్లా తడి గాలి లోపలికి పోతుంది. నాలుగు రోజులు తలుపు తీయకపోతే ఊరంతా వంతులు వదులుకోవాలి, లోపలున్నవి ఇప్పుడే తీసేసుకోవాలి.

దాని తాళంచెవి సీతాలు దగ్గర ఉంటుంది. మంచి మనిషే, కాని రూలు అంటే రూలు.

"నా మాటతో మూయలేను బాబాయ్. ఎవరి సామాను వాళ్ళొచ్చి పట్టుకుపోవాలి. ఒక్క ఇల్లు కాదన్నా తలుపు తీసే ఉంచుతా."

అందరికన్నా ముందు మంగయ్య వచ్చాడు. ఆదివారం అతని మనవరాలి పెళ్ళి. పెళ్ళికొడుకు తలపాగా, చీరలు, రెండు తట్టల అప్పడాలు అన్నీ లోపలే ఉన్నాయి.

"ముందు నావి బయట పడెయ్ సీతాలూ. నానబెట్టమన్న నోరు నాదే."

తరువాత ఒక్కొక్కరే వచ్చారు. బడి పంతులుగారు పుస్తకాలు తీసుకుపోతూ, "పిల్లలు సెలవనుకుని గంతులేస్తున్నారు," అన్నారు. ఒకావిడ మాగాయ ముక్కల పళ్ళెం ఎత్తుకుని, "ఈ ముక్కలకి బూజు పడితే మీ ఇంటికే పంపిస్తా, తినాలి!" అంది. తింటానమ్మా, ఆనందంగా తింటాను!

చివరికి ఒకే ఒక్కడు మిగిలాడు. కాశన్న. నాంచారితో పోటీగా పడవ నడిపేవాడు. ఆమె మంచాన పడ్డాక రేవంతా అతనిదే. అతని కొత్త తాళ్ళు లోపల ఆరుతున్నాయి. తలుపు దగ్గరే నిలబడి, తాళ్ళ వైపూ నా వైపూ చూశాడు.

"పెదనాన్నా, నాంచారి లేచి నిలబడితే నా పడవ ఎవరెక్కుతారు?"

అబద్ధం రాలేదు. "ఎవరూ ఎక్కరు కాశన్నా," అన్నాను.

సీతాలు నోరు నొక్కుకుంది. కాశన్న తల గోక్కున్నాడు. లోపలికెళ్ళి తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

"ఆవిడ తిట్లు లేక రేవు చప్పగా ఉంది. పెళ్ళికి వచ్చినవాళ్ళు కూడా నెమ్మదిగా ఎక్కుతున్నారు, అదిలించే దిక్కులేదు. మూసెయ్ సీతాలక్కా."

తలుపు మూసే ముందు షమీమ్ గారు పూత వేసిన తుంటిని లోపల పెట్టారు. ఊరి పొడి అంతా దానికే!

అయిదో చిట్టా: ఆదివారం

జ్వరం: లేదు. తిండి: పెళ్ళిభోజనం, పడవలోకే తెచ్చిచ్చారు.

అయ్యా, ఇలాంటి పెళ్ళి చూడలేదు. పెళ్ళికొడుకు తలపాగా బయటికి తీసి రెండు రోజులైంది కదా, పచ్చగా బూజు మొలిచింది. బాసికం కట్టేవేళకి తల మీద చిన్న పచ్చికబీడు! పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక తలంబ్రాలు ఎక్కడెక్కడో పోసింది. అప్పడాలు విరగలేదు, చుట్టుకుని తిన్నాం. పులిహోర అందులో చుట్టుకు తింటే భలే ఉందని మంగయ్య ఇకముందు పెళ్ళిళ్ళలో అలాగే పెట్టిస్తానంటున్నాడు.

నాంచారి పడుకున్న కిటికీ దగ్గరికి పెళ్ళికొడుకు వచ్చి తల వంచి చూపించాడు.

"అత్తా, నీ కోసం నా నెత్తిన తోట పెంచాను."

"నీళ్ళు పొయ్యనా?" అంది ఆమె.

గడప సంగతి కూడా రాయాలి. అచ్చమ్మ పసుపు నీళ్ళు పోసిన చోట బూజు మొలవలేదు. వీధిలో ఆడవాళ్ళంతా చెంబులు పట్టుకుని వచ్చి మిగిలిన నీళ్ళేవీ అని అడిగారు. షమీమ్ గారికి తెలిసి పరుగున వచ్చారు. బూజుకి ఆ మందు అలవాటైతే రేపు ఎవరి ఒంట్లోనూ కీలు నిలవదని, మా గడపని సున్నంతో కడిగించి, అందరికీ గట్టిగా చెప్పారు. చెంబులు తిరిగి వెళ్ళాయి.

ఆరో చిట్టా: బుధవారం

తలుపు తీశారు. తుంటి మీద పూత నిగనిగలాడుతోంది. ఈసారి నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టారు, మంగయ్యని ఇంకో పది అడుగుల అవతల. షమీమ్ గారే పెట్టెలో పెట్టి, సీలు వేసి, తన చేత్తో మోసుకెళ్ళారు.

ఇప్పుడు నాంచారి లోపల ఉంది. మా వీధి వీధంతా తాళ్ళు విప్పుకుని, తెప్పలన్నీ నడిపించుకొచ్చి ఆస్పత్రి పడవ పక్కన కట్టుకుంది. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చునే ఎదురుచూస్తున్నారు. అచ్చమ్మ నా దిండు గీకుతోంది. దాని మీద బూజు ఎప్పుడో పోయింది.

ఇంతటితో ఆపుతాను.

ఏడో చిట్టా: అదే బుధవారం

ఆపలేదు! అయిపోయింది! బాగా జరిగిందన్నారు! కోత డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి బొటనవేలు చూపించారు, అవతల మంగయ్య డప్పు అందుకున్నాడు, లోపల్నించి నర్సమ్మ "రోగి నిద్రపోతోంది!" అని అరిచింది. డప్పు ఆపి, అందరం చప్పుడు లేకుండా ఎగిరాం. వీధంతా తెప్పల మీద ఒక్కసారి ఎగిరితే ఆస్పత్రి పడవ ఊగింది. అది తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఎనిమిదో చిట్టా: తరువాతి నెల, మంగళవారం

జ్వరం: లేదు. వాపు: లేదు. నొప్పి: కుట్లు తీసేటప్పుడు మాత్రం. తిండి: మాగాయ, బూజు పట్టనిది.

ఇవాళ తుంటి దగ్గరి నీరు సూదితో తీసి పరీక్ష చేశారు. ఆ చుక్కని గాజు పళ్ళెంలో పెట్టి వారం చూస్తారట. నాకు ఆ వారం ఎలా గడుస్తుందో రాయను. నాంచారి మాత్రం కర్ర పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ నన్ను ఊరడిస్తోంది. "నీ తపేలాకి చెప్పుకో నాన్నా, అది వింటుంది," అని.

తొమ్మిదో చిట్టా: మంగళవారం

గాజు పళ్ళెం శుభ్రం! ఏమీ మొలవలేదు! ఊళ్ళో ఏదీ మొలవని చోటు ఎండిల్లు ఒక్కటే అనుకున్నాం. ఇప్పుడు రెండున్నాయి. రెండోది మా అమ్మాయి తుంటి!

షమీమ్ గారు ఆ పళ్ళెం చేతిలో పట్టుకుని వచ్చారు. లోపలి పూత నెమ్మదిగా తన పని తాను చేసుకుంటోందట. ఇంకా చూస్తూ ఉండాలట, ఏడాది దాకా ప్రతి నెలా పరీక్షలట. అలాగే అలాగే అన్నాను. ఆస్పత్రి పడవ ఎల్లుండి బయలుదేరుతోంది. వెళ్ళబోతూ ఆవిడ నిలబడ్డారు.

"పేరయ్యగారూ, ఒక్క పని మిగిలింది కదా."

"ఏం పనమ్మా?"

"నీళ్ళు చూపించరా?"

నేను భయపడి రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ పెద్ద గొంతుతో నవ్వారు. "కుట్లు మానాయి, చర్మం మూసుకుంది. ఇప్పుడు తడిసినా ఏం కాదు. పసుపు ఎక్కడుంది?"

పదో చిట్టా: బుధవారం

నాంచారి తన పడవ దగ్గరికి తనే నడిచి వచ్చింది. కర్ర ఉంది, కాని చంకలో పెట్టుకుంది. ఇత్తడి తపేలాలో పసుపు నీళ్ళు కలిపింది అచ్చమ్మ. వాటిని మా అమ్మాయి పాదాల మీద పోసింది షమీమ్ గారు. రేవు మెట్ల మీద మోకాళ్ళ లోతు దిగి, నీళ్ళలో నిలబడింది నాంచారి. రెండు కాళ్ళ మీద.

"ఎంతసేపు నానాలి మావయ్యా?" అని మంగయ్యని అడిగింది.

"సందులు మూసుకున్నాయిలే, ఎక్కు!"

ఎక్కింది. వెనక కొసకి వెళ్ళి నిలబడింది. మొదటి బేరం షమీమ్ గారు, రెండోది అచ్చమ్మ, మూడోది నేను. ఎదురుగా కాశన్న తన పడవ అడ్డంగా పెట్టుకుని చూస్తున్నాడు.

"తియ్యరా కాశన్నా, రేవు నీ అత్తగారిచ్చిందా!"

కాశన్న కళ్ళనీళ్ళు పెట్టుకుని పడవ తీశాడు. "వచ్చిందమ్మా రేవు రాణి!" అని ఊరంతా వినేలా అరిచాడు.

తెడ్డు పడింది. పడవ కదిలింది. నా కాళ్ళు ఆగలేదండీ, లేచి నిలబడిపోయాను, చేతులు ఊపుతూ పాట అందుకున్నాను. పడవ అటూ ఇటూ ఊగుతోంది. మా అమ్మాయి ఇంత కూడా తూలలేదు.

"నాన్నా, కూచో! పడవ ఊగుతోంది! నువ్వే పడతావ్!"

ఆస్పత్రి పడవ వారికి మనవి. జ్వరం లేదు. నొప్పి లేదు. రోగి నిలబడే ఉంది. నేనూ కూర్చోలేదు.